మ్యాకా, విండోసా అని తేల్చుకునే ముందు మీ ఫుటేజ్ ఏ కోడెక్‌లో ఉందో చూడండి

ప్రశ్న: యూసుఫ్‌గూడలో మాకు చిన్న ఎడిటింగ్ ఆఫీసు ఉంది. పెళ్లి ఫిల్ములు, యాడ్స్ చేస్తాం, ఇప్పుడు ఒక వెబ్ సిరీస్ కూడా వచ్చింది. నలుగురం ఎడిటర్లం. ఇద్దరివి మ్యాక్‌లు: ఒకటి ఎం1 మ్యాక్స్ మ్యాక్‌బుక్ ప్రో, 32 జీబీ మెమరీ, ఇంకోటి ఎం2 ప్రో మ్యాక్ మినీ, 16 జీబీ. మిగతా ఇద్దరివి విండోస్: ఒకదాంట్లో రైజెన్ 9 5950ఎక్స్, ఆర్‌టీఎక్స్ 3080 10 జీబీ, ఇంకోదాంట్లో ఐ7-12700కేఎఫ్, ఆర్‌టీఎక్స్ 4070. షూట్ ఎక్కువగా సోనీ ఎఫ్‌ఎక్స్3 మీద 4కే 25పీ, 10-బిట్ 4:2:2. అప్పుడప్పుడు రెడ్ కొమోడో 6కే. ఎడిట్ ప్రీమియర్‌లో, గ్రేడింగ్ రిసాల్వ్ స్టూడియోలో. మ్యాక్‌బుక్‌లో సాఫీగా నడిచే టైమ్‌లైన్ విండోస్ మెషిన్లలో ఆగి ఆగి నడుస్తోంది. ఒకరి ప్రాజెక్ట్ ఇంకొకరు తెరిస్తే మీడియా ఆఫ్‌లైన్ అంటోంది. రంగులు ఒక్కో స్క్రీన్‌లో ఒక్కోలా కనిపిస్తున్నాయి. తెలుగు టైటిల్స్‌లో వత్తులు చెదిరిపోతున్నాయి. చేతిలో 12 లక్షలు ఉన్నాయి. అందరికీ మ్యాక్ స్టూడియోలు కొనేయాలా, లేక ఒక పెద్ద థ్రెడ్‌రిప్పర్ వర్క్‌స్టేషన్ కట్టించుకోవాలా?

సమాధానం: రెండూ వద్దు. మీ దగ్గర ఉన్న నాలుగు మెషిన్లలో ఏదీ పారేయాల్సింది కాదు. 12 లక్షల్లో సగానికి దగ్గరగా కంప్యూటర్ల మీద కాకుండా స్టోరేజ్, నెట్‌వర్క్‌ల మీద పెట్టండి. ఎందుకో చెప్పాలంటే ముందు ఆ ఆగి ఆగి నడవడం సంగతి తేల్చాలి.

ఎఫ్‌ఎక్స్3లో 4కే 25పీ అంటే మీరు వాడుతున్నది ఎక్స్‌ఏవీసీ ఎస్ గానీ, ఎక్స్‌ఏవీసీ ఎస్-ఐ గానీ అయి ఉండాలి. రెండూ హెచ్.264 అనే కోడెక్ (వీడియోను కుదించి దాచే పద్ధతి) రకాలే. హెచ్.265తో నడిచే ఎక్స్‌ఏవీసీ హెచ్‌ఎస్ ఆ కెమెరా పాల్ మోడ్‌లో 50పీ, 100పీలకే వస్తుంది, 25పీకి రాదు. అంటే మీ మామూలు షాట్లు 10-బిట్ 4:2:2 (రంగుల వివరం మామూలు వీడియో కంటే ఎక్కువ దాచే రకం) హెచ్.264లో, స్లో మోషన్ షాట్లు బహుశా 10-బిట్ 4:2:2 హెచ్.265లో ఉంటాయి.

ఈ ఫైళ్లను విప్పడానికి గ్రాఫిక్స్ చిప్‌లో విడిగా ఒక డీకోడర్ ఉంటుంది. కార్డు ఎంత ఖరీదైనదైనా, ఆ డీకోడర్‌కు తెలిసిన ఫార్మాట్లనే విప్పగలదు. ఎన్‌విడియా 30, 40 సిరీస్ కార్డుల డీకోడర్లకు 4:2:2 తెలియదు. 4070కే కాదు, 4090కి కూడా తెలియదు. ఇంటెల్ ప్రాసెసర్లలో ఉండే క్విక్ సింక్ అనే డీకోడర్ 11వ తరం నుంచి హెచ్.265 4:2:2ను విప్పుతుంది. కానీ మీ 12700కేఎఫ్ పేరు చివర ఉన్న ఎఫ్ అక్షరానికి అర్థం ఆ చిప్‌లో ఇంటెల్ గ్రాఫిక్స్ పనిచేయదని. కాబట్టి క్విక్ సింక్ కూడా లేదు. రైజెన్ 5950ఎక్స్‌లో అసలు గ్రాఫిక్సే లేదు. మీ రెండు విండోస్ మెషిన్లలోనూ 4:2:2 భారమంతా ప్రాసెసర్ కోర్ల మీదే పడుతోంది. మ్యాక్‌బుక్‌లోని ఎం1 మ్యాక్స్ మీడియా ఇంజిన్ ఇదే ఫుటేజ్‌ను హార్డ్‌వేర్‌లో విప్పేస్తుంది. తేడా అంతా అక్కడే ఉంది.

ఈ మాట మీరే పరీక్షించుకోవచ్చు. విండోస్‌లో టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్‌లో జీపీయూ మీద నొక్కండి. అక్కడ వీడియో డీకోడ్ అని ఒక గ్రాఫ్ ఉంటుంది. ప్రీమియర్‌లో ఒక ఎఫ్‌ఎక్స్3 క్లిప్‌ను ఎఫెక్టులేమీ లేకుండా ప్లే చేయండి. ఆ గ్రాఫ్ నేలకు అంటుకుని ఉండి, సీపీయూ మాత్రం ఎగబాకుతుంటే హార్డ్‌వేర్ డీకోడింగ్ జరగడం లేదన్నమాట. రేపు కొత్త కార్డు కొన్నాక కూడా ఇదే పరీక్ష చేయండి. ప్రీమియర్ ప్రిఫరెన్సెస్‌లో మీడియా పేజీలో హార్డ్‌వేర్ యాక్సిలరేటెడ్ డీకోడింగ్ టిక్ తీసేసి ఉండటం వల్ల మంచి కార్డు ఊరికే కూర్చునే ఆఫీసులు చాలా ఉన్నాయి. టిక్ పెట్టాక ప్రీమియర్‌ను మూసి మళ్లీ తెరవాలి.

ఇక్కడ ఇంకో తేడా ఉంది. ఎక్స్‌ఏవీసీ ఎస్ లాంగ్ జీఓపీ పద్ధతి. ఒక ఫ్రేమ్ చూపించాలంటే దాని ముందు వెనక ఫ్రేములు కూడా విప్పాలి. అందుకే వెనక్కి స్క్రబ్ చేసినప్పుడు, మల్టీకామ్‌లో కోణం మార్చినప్పుడు బిగుసుకుపోతుంది. ఎస్-ఐలో ప్రతి ఫ్రేమూ దేనికదే విడిగా ఉంటుంది కాబట్టి ప్రాసెసర్ మీద చాలా తేలిక. సైజు మాత్రం పెరుగుతుంది: 4కే 25పీ ఎస్-ఐ సెకనుకు 250 మెగాబిట్లు, అంటే గంటకు దాదాపు 112 జీబీ. వెబ్ సిరీస్‌కు ఎస్-ఐలోనే తీయమని మీ కెమెరామన్‌తో మాట్లాడండి. కార్డుల ఖర్చు పెరిగినా ఎడిట్ టేబుల్ దగ్గర ఆ ఖర్చు తిరిగి వస్తుంది.

ఎన్‌విడియా 50 సిరీస్‌లో డీకోడర్ మారింది. హెచ్.264, హెచ్.265 రెండింటిలోనూ 10-బిట్ 4:2:2ను విప్పుతుంది. ప్రీమియర్ 25.2 నుంచి, రిసాల్వ్ స్టూడియో 20 నుంచి ఆ సౌకర్యం వాడుకోవచ్చు. రిసాల్వ్ ఉచిత వెర్షన్ మీద ఈ లెక్క వేసుకోవద్దు, స్టూడియోనే కావాలి. కాబట్టి 5950ఎక్స్ మెషిన్లో 3080 తీసి ఆర్‌టీఎక్స్ 5070 టీఐ 16 జీబీ పెట్టండి. 3080 తాగేది 320 వాట్లు, దీనిది 300. పవర్ సప్లై 750 వాట్లది ఉంటే మార్చనక్కర్లేదు. క్యాబినెట్‌లో పొడవు మాత్రం కొలుచుకోండి, కొన్ని మోడళ్లు 30 సెంటీమీటర్లు దాటుతాయి. మదర్‌బోర్డు పాత పీసీఐఈ 4 అయినా ఇబ్బంది లేదు. 16 కోర్ల ఆ ప్రాసెసర్‌కు ఇంకా కొన్నేళ్ల పని మిగిలి ఉంది.

12700కేఎఫ్ మెషిన్‌కు రెండు దారులున్నాయి. దాన్ని 12700కేతో మార్చడం చవక, కానీ దాని క్విక్ సింక్ హెచ్.265 4:2:2 వరకే పనికొస్తుంది, మీ 25పీ హెచ్.264 షాట్లు ప్రాసెసర్ మీదే ఉండిపోతాయి. అందుకే ఇక్కడ కూడా కార్డు మార్చడమే మేలు: ఆర్‌టీఎక్స్ 5060 టీఐ 16 జీబీ. ఇదే పేరుతో 8 జీబీది కూడా అమ్ముతారు, అది తీసుకోవద్దు. ఒక విషయం తెలిసే కొనండి: ఎఫెక్టుల లెక్కలో 5060 టీఐ మీ 4070 కంటే కొంచెం వెనకే. అయినా కట్స్ వేసే టేబుల్ మీద డీకోడర్ ఇచ్చే హాయి ముందు ఆ తేడా చిన్నది. రెండు పాత కార్డులూ సెకండ్ హ్యాండ్‌లో మంచి ధర పలుకుతాయి.

థ్రెడ్‌రిప్పర్ ఎందుకు వద్దన్నామంటే, దాని కోర్లు త్రీడీ రెండరింగ్‌కు, ఆఫ్టర్ ఎఫెక్ట్స్ మల్టీ ఫ్రేమ్ రెండరింగ్‌కు బాగా ఉపయోగపడతాయి గానీ టైమ్‌లైన్ స్క్రబ్బింగ్‌కు అంతగా పనికిరావు. దాంట్లో కూడా క్విక్ సింక్ ఉండదు. జియాన్‌తో వచ్చే బ్రాండెడ్ వర్క్‌స్టేషన్లదీ ఇంచుమించు ఇదే కథ. తప్పులు సరిదిద్దుకునే ఈసీసీ మెమరీ, బోలెడు పీసీఐఈ లేన్లు, ఆఫీసుకే వచ్చి చూసే సర్వీసు కావాల్సిన పెద్ద స్టూడియోలకు అవి సరిపోతాయి. ఇక అందరికీ మ్యాక్ స్టూడియో అన్న ఆలోచన సాంకేతికంగా తప్పు కాదు. నిశ్శబ్దంగా ఉంటుంది, కరెంటు తక్కువ తాగుతుంది, 10 గిగాబిట్ పోర్టు దాంతోనే వస్తుంది. కానీ నాలుగు కొంటే స్టోరేజ్‌కు మీ దగ్గర డబ్బు మిగలదు. పైగా దాని మెమరీ కొన్న రోజు ఎంతో చివరిదాకా అంతే.

కొత్తగా కొనాల్సింది ఒక్కటే, గ్రేడింగ్ మెషిన్. అది విండోస్‌లో ఉండటం మంచిదని మా అభిప్రాయం. కొమోడో ఆర్3డీ ఫైళ్లను విప్పడం, టెంపొరల్ నాయిస్ రిడక్షన్, అన్నీ గ్రాఫిక్స్ కార్డు మీదే పడతాయి, రెండేళ్ల తర్వాత ఆ ఒక్క కార్డూ మార్చుకోవచ్చు. కాన్ఫిగరేషన్: కోర్ అల్ట్రా 7 265కే, కేఎఫ్ కాదని బాక్స్ మీద చదివి మరీ తీసుకోండి. జెడ్890 బోర్డు. 48 జీబీ స్టిక్కులు రెండు, మొత్తం 96 జీబీ డీడీఆర్5. రేపు పెంచుకుందాంలే అని నాలుగు స్లాట్లూ చిన్న స్టిక్కులతో నింపించుకోవద్దు, నాలుగు పెడితే డీడీఆర్5 వేగం బాగా పడిపోతుంది. కార్డు ఆర్‌టీఎక్స్ 5080 16 జీబీ, దానికి మంచి కంపెనీ 850 వాట్ల పవర్ సప్లై, వీలైతే 1000. ఆ కార్డుకు వచ్చే సన్న పిన్నుల కనెక్టర్‌ను చివరిదాకా నొక్కాలి. సగం దిగితే కాంటాక్ట్ దగ్గర వేడెక్కి ప్లాస్టిక్ కరుగుతుంది. కనెక్టర్ పక్కనే కేబుల్‌ను మడవకూడదు.

బోర్డు ఎంచుకునేటప్పుడు షాపువాళ్లు చెప్పని సంగతి స్లాట్ల మధ్య దూరం. 5080 కార్డు చాలా మోడళ్లలో మూడు స్లాట్ల మందం ఉంటుంది. దాని కింద మీకు 10 గిగాబిట్ కార్డు, మానిటర్‌కు సిగ్నల్ ఇచ్చే డెక్‌లింక్ కార్డు, రెండూ పట్టాలి. స్లాట్ పొడవుగా ఉన్నంత మాత్రాన లోపల లేన్లు ఉన్నాయని కాదు, మాన్యువల్‌లో ఎక్స్4 అని రాసి ఉందో, ఎక్స్1 అని ఉందో చూడండి. కొన్ని బోర్డుల్లో ఒక ఎం.2 స్లాట్ నింపితే పక్క స్లాట్ ఆగిపోతుంది, అది కూడా మాన్యువల్‌లోనే ఉంటుంది. 10 గిగాబిట్ పోర్టు బోర్డు మీదే ఉన్న మోడల్ దొరికితే సగం తలనొప్పి పోతుంది.

డ్రైవులు: సిస్టమ్‌కు 1 టీబీ ఎన్‌వీఎంఈ, క్యాష్‌కు విడిగా 2 టీబీ ఎన్‌వీఎంఈ. రెండోది టీఎల్‌సీ రకం కావాలి. చవకగా వచ్చే క్యూఎల్‌సీ డ్రైవులు మొదట వేగంగా రాసి, లోపలి క్యాష్ నిండగానే మామూలు హార్డ్ డిస్క్ కంటే కిందికి పడిపోతాయి. రిసాల్వ్ రెండర్ క్యాష్ రాసేటప్పుడు జరిగేది అదే. ప్రీమియర్ మీడియా క్యాష్, రిసాల్వ్ క్యాష్ ఎప్పుడూ లోకల్ డ్రైవు మీదే ఉండాలి, నెట్‌వర్క్ మీద పెట్టకూడదు.

ఇక అసలు ఖర్చు పెట్టాల్సిన చోటు. ఇప్పుడు మీరు డ్రైవులు చేతులు మార్చుకుంటున్నారని మీ ఉత్తరాన్ని బట్టి ఊహిస్తున్నాం. విండోస్ ఎన్‌టీఎఫ్‌ఎస్ డ్రైవును మ్యాక్ చదువుతుంది గానీ రాయదు. మ్యాక్ ఏపీఎఫ్‌ఎస్ డ్రైవును విండోస్ చూడనే లేదు. రెండింటికీ పనికొచ్చే ఎక్స్‌ఫ్యాట్‌లో జర్నలింగ్ (చేసే మార్పులను ముందే నమోదు చేసుకునే రక్షణ) లేదు, రాస్తుండగా కేబుల్ ఊడితే, కరెంటు పోతే, ఫోల్డర్ పట్టికే చెడిపోవచ్చు. షూట్ నుంచి ఆఫీసుకు మోసుకురావడానికి ఎక్స్‌ఫ్యాట్ సరే, దాని మీద ఎడిట్ చేయడం మానేయండి.

8 బేల నాస్ (నెట్‌వర్క్ మీద అందరూ వాడుకునే డిస్కుల పెట్టె) ఒకటి తీసుకోండి, 10 గిగాబిట్ పోర్టు ఉన్నది. అందులో 12 టీబీ డిస్కులు ఎనిమిది, రెయిడ్ 6లో, అంటే రెండు డిస్కులు పోయినా డేటా నిలిచే అమరికలో. రెండు డిస్కుల జాగా రక్షణకు పోగా 72 టీబీ మిగులుతుంది. 80 శాతం దాటి నింపొద్దు, వేగం పడిపోతుంది. డిస్కులు సీఎంఆర్ రకం అని నిర్ధారించుకోండి. ఎస్‌ఎంఆర్ డిస్కులు రెయిడ్ రీబిల్డ్‌లో రోజుల తరబడి నత్తనడక నడుస్తాయి, మధ్యలో నాస్ వాటిని పాడైనవిగా లెక్కగట్టి బయటికి నెట్టేయవచ్చు.

10 గిగాబిట్ ఎందుకంటే లెక్క ఇదీ. ఎస్-ఐ ఫుటేజ్ ఒక్కో స్ట్రీముకు సెకనుకు 31 ఎంబీ. పెళ్లిలో మూడు కెమెరాల మల్టీకామ్ నలుగురూ ఒకేసారి నడిపితే దాదాపు 375 ఎంబీ. మామూలు గిగాబిట్ లైన్ మీద వచ్చేది 110 ఎంబీ దాకానే. 10 గిగాబిట్ మీద 1000 ఎంబీ చుట్టుపక్కల వస్తుంది. మరి అదే పనిని 1080 ప్రోరెస్ ప్రాక్సీతో (ఎడిటింగ్ కోసం చేసుకునే తేలికపాటి నకలుతో) చేస్తే ఒక్కో స్ట్రీము 5 ఎంబీలోపే, నలుగురికీ కలిపి 60 ఎంబీ దాటదు. మ్యాక్ మినీలో 16 జీబీ మెమరీయే ఉంది కాబట్టి ఆ టేబుల్ ఎలాగూ ప్రాక్సీలతోనే నడవాలి. కొన్నప్పుడు 10 గిగాబిట్ పోర్టు వేయించి ఉండకపోతే దాన్ని గిగాబిట్ మీదే వదిలేయండి. మ్యాక్‌బుక్‌కు థండర్‌బోల్ట్ నుంచి 10 గిగాబిట్‌కు మార్చే అడాప్టర్, విండోస్ మెషిన్లకు కార్డులు, 8 పోర్టుల 10 గిగాబిట్ స్విచ్ ఒకటి. మీ ఆఫీసు సైజుకు క్యాట్6 చాలు, అది 55 మీటర్ల వరకు 10 గిగాబిట్ లాగుతుంది. గోడలోపల వేయిస్తే మాత్రం క్యాట్6ఏ వేయించండి. చేత్తో క్రింప్ చేసిన కనెక్టర్ సరిగా పడకపోతే లైన్ చప్పుడు చేయకుండా 1 గిగాబిట్‌కు దిగిపోతుంది, ప్రతి మెషిన్లో లింక్ స్పీడ్ చూసుకున్నాకే వైరింగ్ మనిషికి డబ్బు ఇవ్వండి. నెట్‌వర్క్ ప్యాకెట్ల సైజు పెంచే జంబో ఫ్రేమ్స్ జోలికి పోవద్దు. ఒక్క మెషిన్లో సెట్టింగ్ తేడా ఉన్నా కాపీలు మధ్యలో ఆగిపోతాయి.

మ్యాక్, విండోస్ రెండూ ఎస్‌ఎంబీ అనే ఫైల్ షేరింగ్ పద్ధతి మీదే నాస్‌కు కలవాలి. యాపిల్ సొంత పద్ధతి ఏఎఫ్‌పీ పాతబడిపోయింది. విండోస్ మెషిన్లన్నింటికీ ఒకే డ్రైవ్ అక్షరం పెట్టండి, జెడ్ అనుకోండి. మ్యాక్‌లో వాల్యూమ్ పేరు రెండింటిలో ఒకటే ఉండాలి. ఇక్కడ ఒక చిక్కు వస్తుంది: అదే వాల్యూమ్ రెండుసార్లు మౌంట్ అయితే మ్యాక్ దాని చివర మైనస్ 1 అని తగిలిస్తుంది, వెంటనే అన్ని క్లిప్పులూ ఆఫ్‌లైన్. ఎజెక్ట్ చేసి మళ్లీ కలపడమే మందు. ప్రీమియర్‌లో మ్యాక్ నుంచి విండోస్‌కు గానీ, అటు నుంచి ఇటు గానీ మారినప్పుడు ఒక్క క్లిప్‌ను లొకేట్ చేస్తే, ఫోల్డర్ల అమరిక ఒకటే ఉన్నంతకాలం మిగతావి అవే దొరుకుతాయి. రిసాల్వ్‌లో ప్రిఫరెన్సెస్‌లో మీడియా స్టోరేజ్ దగ్గర మ్యాప్డ్ మౌంట్ అని ఒక గడి ఉంది. విండోస్ మెషిన్లో అక్కడ మ్యాక్ పాత్ రాస్తే రిసాల్వ్ రెండింటినీ ఒకటిగా లెక్కేస్తుంది. రిసాల్వ్ డేటాబేస్‌ను నాస్ ఫోల్డర్‌లో మామూలు ఫైళ్లలా పెట్టకండి. బ్లాక్‌మ్యాజిక్ ఉచితంగా ఇచ్చే ప్రాజెక్ట్ సర్వర్‌ను గ్రేడింగ్ మెషిన్లో నడిపి అందరూ దానికి కలవండి.

ఫైళ్ల పేర్లకు ఒక నియమం పెట్టుకుని గోడకు అంటించండి: ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్, అంతే. మ్యాక్‌లో హాయిగా పెట్టుకునే ? * | లాంటి గుర్తులు, పేరు చివర ఖాళీ, చుక్క, ఇవేవీ విండోస్ ఒప్పుకోదు. ఫోల్డర్లో ఫోల్డర్ పెట్టుకుంటూ పోతే పాత్ 260 అక్షరాలు దాటగానే విండోస్‌లో చాలా ప్రోగ్రాములు చేతులెత్తేస్తాయి. తెలుగులో పేర్లు పెట్టే అలవాటుంటే ఇంకో గొయ్యి ఉంది. వైజాగ్, మైసూరు లాంటి పేర్లలోని ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే గుర్తుగానూ రాయవచ్చు, ఎత్వం కింద ఇంకో గుర్తు కలిపి రెండుగానూ రాయవచ్చు. పాత మ్యాక్ డ్రైవుల హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ ఫార్మాట్ దాన్ని రెండుగా విడగొట్టి దాస్తుంది, విండోస్ టైప్ చేసినట్టే ఒకటిగా ఉంచుతుంది. కంటికి రెండు పేర్లూ ఒకేలా ఉంటాయి, కంప్యూటర్ మాత్రం వేరనుకుని క్లిప్ దొరకలేదంటుంది. అలాగే మ్యాక్ వాడిన ఎక్స్‌ఫ్యాట్ డ్రైవు విండోస్‌లో పెడితే ప్రతి క్లిప్ పక్కనా చుక్క, అండర్‌స్కోర్‌తో మొదలయ్యే కొన్ని కేబీల ఫైలు కనిపిస్తుంది. అది వీడియో కాదు. ఇంపోర్ట్ చేసుకోకండి, ఎర్రర్ చూసి అసలు ఫుటేజ్ పాడైందని బెంగపడకండి.

ప్రాక్సీల విషయంలో రెండు జాగ్రత్తలు చాలు. కొలత అసలు ఫుటేజ్ నిష్పత్తిలోనే ఉండాలి: ఎఫ్‌ఎక్స్3కి 1920×1080, కొమోడో 6144×3240కి సరిగ్గా మూడో వంతైన 2048×1080. కొమోడోకు కూడా 1920×1080 చేస్తే ప్రాక్సీ మీద వేసిన రీఫ్రేమింగ్ అసలు ఫైలు మీద పక్కకు జరుగుతుంది. ఆడియో ఛానళ్ల సంఖ్య కూడా ఒకటే ఉండాలి. నాలుగు ఛానళ్ల క్లిప్‌కు రెండు ఛానళ్ల ప్రాక్సీ చేస్తే ప్రీమియర్ దాన్ని అటాచ్ చేయనివ్వదు. ప్రాక్సీ కోడెక్‌గా ప్రోరెస్ ప్రాక్సీ రెండు వైపులా నడుస్తుంది, ప్రీమియర్ విండోస్‌లో కూడా 2018 చివరి నుంచి దాన్ని రాస్తోంది.

తెలుగు టైటిల్స్. ఆఫ్టర్ ఎఫెక్ట్స్ పాత వెర్షన్లలో అయితే ప్రిఫరెన్సెస్‌లో టైప్ పేజీ, ప్రీమియర్‌లో అయితే గ్రాఫిక్స్ పేజీ తెరిచి టెక్స్ట్ ఇంజిన్‌ను సౌత్ ఏషియన్ అండ్ మిడిల్ ఈస్టర్న్‌కు మార్చండి, ప్రోగ్రామ్ మూసి తెరవండి. పాత టైటిల్ అప్పటికీ సరికాకపోతే కొత్త టెక్స్ట్ లేయర్ తీసి అందులో అతికించండి. ఈ సెట్టింగ్ నాలుగు మెషిన్లలోనూ మార్చాలి. ఫాంట్ల విషయానికొస్తే, విండోస్‌లోని గౌతమి, నిర్మలా యూఐ మ్యాక్‌లో ఉండవు, మ్యాక్‌లోని కోహినూర్ తెలుగు విండోస్‌లో ఉండదు. లేని ఫాంట్ స్థానంలో ఇంకోటి వచ్చి పేరు రెండో వరుసలోకి జారిపోతుంది. రామభద్ర, మండలి, సురవరం, గురజాడ లాంటి యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఓపెన్ లైసెన్సుతో దొరుకుతాయి, ఒకే ఫైలును నాలుగింటిలోనూ వేసుకోండి. యూనికోడ్ కాని పాత అను ఫాంట్లతో చేసిన టైటిల్ ఆ ఫాంట్ లేని మెషిన్లో ఇంగ్లీషు అక్షరాల గజిబిజిగా తెరుచుకుంటుంది. గ్రేడింగ్‌కు పంపేటప్పుడు టైమ్‌లైన్‌ను మోసుకెళ్లే ఎక్స్‌ఎంఎల్ ఫైలుతో తెలుగు టైటిల్స్ సరిగా వెళ్లవు. వాటిని ఆల్ఫాతో (వెనక భాగం పారదర్శకంగా) ప్రోరెస్ 4444గా రెండర్ చేసి పై ట్రాక్‌లో పెట్టడమే దారి.

రంగుల తేడాకు మీ గ్రేడింగ్ తప్పు కాకపోవచ్చు. మ్యాక్‌లో క్విక్‌టైమ్ ప్లేయర్ రెక్.709 (హెచ్‌డీ వీడియో రంగుల ప్రమాణం) ఫైలును దాదాపు 1.96 గామాతో (వెలుగునీడల స్థాయితో) చూపిస్తుంది. మీరు 2.4 చూస్తూ గ్రేడ్ చేస్తే అక్కడ నల్లరంగు తేలిపోయి పాలిపోయినట్టు కనిపిస్తుంది. రిసాల్వ్‌లో రెక్.709-ఏ అన్న ట్యాగ్ మ్యాక్‌లో ఆ తేడాను తగ్గిస్తుంది గానీ, అదే ఫైలు విండోస్‌లో, టీవీలో ఎలా పడుతుందో చూడకుండా వెబ్ సిరీస్‌కు వాడొద్దు. కంప్యూటర్ డెస్క్‌టాప్ ద్వారా కాకుండా డెక్‌లింక్ మినీ మానిటర్ 4కే లాంటి కార్డుతో నేరుగా ఒక మానిటర్‌కు సిగ్నల్ ఇచ్చి, ఆ మానిటర్‌ను కొలిచే పరికరంతో క్యాలిబ్రేట్ చేసి, ఆఫీసులో చివరి మాట దానిదే అని పెట్టుకోండి. క్లయింట్ ఫోన్‌లో చూసి చెప్పే మాటకు జవాబు కావాలంటే ఒక ఐఫోన్, ఒక ఆండ్రాయిడ్ పక్కన పెట్టుకుని డెలివరీ ఫైలు చూసుకోండి.

నాలుగు మెషిన్లలో ప్రీమియర్ వెర్షన్ ఒకటే ఉండాలి. కొత్త వెర్షన్‌లో సేవ్ చేసిన ప్రాజెక్ట్ పాతదాంట్లో తెరుచుకోదు. ఎన్‌విడియా డ్రైవర్లలో గేమ్ రెడీ కాకుండా స్టూడియో డ్రైవర్ వేయండి. సిరీస్ మధ్యలో ఎవరూ మ్యాక్ ఓఎస్ అప్‌డేట్ నొక్కకుండా ఆటో అప్‌డేట్ ఆపేయండి.

డబ్బు లెక్క సుమారుగా: రెండు కార్డులకు లక్షన్నర లోపు, గ్రేడింగ్ మెషిన్‌కు నాలుగు లక్షల దాకా, నాస్, డిస్కులు, స్విచ్, కేబుళ్లకు ఐదు దాకా, మిగిలింది మానిటర్‌కు, యూపీఎస్‌లకు. మెమరీ, కార్డుల ధరలు వారం వారం కదులుతాయి కాబట్టి సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కనీసం మూడు షాపుల కొటేషన్ ఒకే రోజు తీసుకోండి. బిల్లు జీఎస్‌టీతో, ప్రతి భాగం సీరియల్ నంబరుతో ఉండాలి. బిల్లు లేకుండా కాస్త తగ్గిస్తామంటే ఒప్పుకోవద్దు: జీఎస్‌టీ రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లయితే 18 శాతం ఇన్‌పుట్ క్రెడిట్ పోతుంది, పైగా ఇండియా వారంటీ లేని దిగుమతి కార్డు అంటగట్టే అవకాశం ఉంది. ముందు ఒక్క 5070 టీఐ మాత్రమే కొని 5950ఎక్స్‌లో పెట్టి, మీ సొంత ఫుటేజ్‌తో ఆ వీడియో డీకోడ్ గ్రాఫ్ చూశాకే రెండో కార్డు, కొత్త మెషిన్ ఆర్డర్ చేయండి.

కరెంటు సంగతి ఈ ఊళ్లో వదిలేయలేం. మంచి పవర్ సప్లైలన్నీ యాక్టివ్ పీఎఫ్‌సీ రకం. చిన్న 600 వీఏ యూపీఎస్‌లు ఇచ్చే నకిలీ సైన్ వేవ్ మీదికి మారగానే కొన్ని టక్కున ఆగిపోతాయి, లోడ్ కూడా వాటి స్థాయి దాటుతుంది. గ్రేడింగ్ మెషిన్‌కు 2 కేవీఏ ప్యూర్ సైన్ వేవ్ ఆన్‌లైన్ యూపీఎస్ పెట్టండి. నాస్‌కు విడిగా ఒక చిన్నది, యూఎస్‌బీతో నాస్‌కు కలిపేది కావాలి. బ్యాటరీ అడుగంటే లోపు నాస్ తనంతట తాను షట్‌డౌన్ అయ్యేలా సెట్ చేయాలి, రాస్తుండగా కరెంటు పోతే రెయిడ్ కూడా కాపాడదు. మ్యాక్‌బుక్ ఒంటి మీద చేయి పెడితే జివ్వుమంటుంటే ఎలక్ట్రీషియన్‌తో న్యూట్రల్, ఎర్త్ మధ్య వోల్టేజ్ కొలిపించండి, 3 వోల్టులు దాటితే ఎర్తింగ్ బాగుచేయించాకే కొత్త సామాను ప్లగ్ పెట్టండి. ఏప్రిల్, మే నెలల్లో రెండర్ మీద ఉన్న మూడు విండోస్ మెషిన్లు కలిపి దాదాపు 1.5 కిలోవాట్ల వేడి గదిలోకి వదులుతాయి. ఒకటిన్నర టన్నుల ఏసీ చేసే పనిలో పావు వంతుకు పైగా వాటికే పోతుంది. క్యాబినెట్లను టేబుల్ కింద మూసిన అరలో పెట్టించిన ఇంటీరియర్ ఉంటే ఆ తలుపులు తీయించేయండి.

రెయిడ్ 6 బ్యాకప్ కాదు. పొరపాటున డిలీట్ చేస్తే, రాన్సమ్‌వేర్ వస్తే ఎనిమిది డిస్కుల్లోనూ ఒకేసారి పోతుంది. పెళ్లి ఫుటేజ్ రీషూట్ ఉండదు కాబట్టి కార్డు ఫార్మాట్ చేసే ముందు చెక్‌సమ్‌తో (కాపీ అసలుతో సరిపోయిందో తేల్చే లెక్కతో) రెండు చోట్ల కాపీ ఉండాలి, రిసాల్వ్‌లోని క్లోన్ టూల్ ఆ పని చేస్తుంది. మూడో కాపీ మామూలు హార్డ్ డిస్కు మీదైనా సరే, ఆఫీసులో కాకుండా మీలో ఒకరి ఇంట్లో ఉంచి, డెలివరీ తర్వాత క్లయింట్‌తో రాసుకున్న గడువు దాకా దాచండి. ఎన్ని నెలలు దాస్తారో ఒప్పందం కాగితంలోనే రాయండి, లేకపోతే 72 టీబీ కూడా ఏడాది తిరక్కుండా నిండిపోతుంది.